గజం లెక్క

ఎం.సి. రోడ్డులో మా సేఠు కొట్లో
ఇప్పటికీ ఒక ఇనప గజం బద్ద ఉంది.
మీటర్లొచ్చి ఎన్నేళ్ళయినా పారెయ్యడు.
దాన్ని తుడిచినప్పుడల్లా
నాకు ఏసుపాదం గుర్తొస్తాడు.

ముందు నా సంగతి చెప్పాలి.
నేను బంతి ముట్టుకున్నవాణ్ణి కాను.
మూడు సీజన్లు ఆడి ఒక్కసారీ ముట్టుకోలేదు.
నూట పన్నెండు కిలోల ఒంటిని వంచి నిలబెట్టి
ఎదుటివాణ్ణి పక్కకి నెట్టడం నా పని.
నెడితే ఓ సందు పడుతుంది,
తలుపు వారగా తెరిచినంత.
రెండు లెక్కపెట్టేలోపు మూసుకుపోతుంది.
అందులోంచి పోవడం వాడి పని.

అమెరికా ఫుట్‌బాల్ అని ఎవరో డబ్బున్నాయన
మద్రాసులో లీగు పెట్టిన రోజులు.
ఎక్కడో ఎవరో వాడి వదిలేసిన భుజాల తొడుగులు మాకు.
నా దాని లోపల స్కెచ్‌పెన్నుతో డ్వేన్ అని రాసుంది.
ఆ డ్వేన్ ఎవరో తెలీదు,
వాడి చెమట వాసన మాత్రం బాగా తెలుసు.

ఏసుపాదం పరుగు నేర్చింది మైదానంలో కాదు.
కాశిమేడు హార్బర్లో, తెల్లవారుజామున మూడింటికి
వంజరం గంప గుండెకి అదుముకుని
వేలంపాటల మధ్య, ఐసు నీళ్ళ మీద,
జనం ఎక్కడ పలచబడతారో ముందే కనిపెట్టి.
అదే చూపు, అదే అదుము.
గంప పోయి గుడ్డులాంటి బంతి వచ్చింది, అంతే.
వాళ్ళమ్మ ఒకే ఒక్క మ్యాచ్ చూసింది.
"అది పట్టుకున్నాకే కదరా అందరూ నీమీద పడేది?
కింద పెట్టెయ్యరాదూ?"

నాలుగు గజాలు తే చాలు, అనేవాడు కోచ్.
ప్రతిసారీ నాలుగు.
నాలుగు గజాలంటే ఓ చీరక్కూడా చాలదు.
మద్రాసులో స్థలాన్ని గ్రౌండ్ల లెక్కన అమ్ముతారు,
వాడికి గ్రౌండులో గజాల చొప్పున దొరికింది.
ఒక్కో గజానికీ మీద నలుగురు, ఐదుగురు,
ఒక్కోసారి ఏడుగురు.
గుట్ట విప్పితే అడుగున వాడు,
బంతి పొట్టకింద,
నోట్లో మట్టి, నవ్వు.

మూడో సీజను. అక్టోబరు వాన.
నేను తెరిచిన సందే
అరక్షణం ముందు మూసుకుంది.
నా కాలు బురదలో జారింది.
ఈ మాట ఎవరికీ చెప్పలేదు. వాడికి తెలుసు.
వాడి మోకాల్లో తడిగుడ్డ చింపిన చప్పుడు.
గుడ్డ చిరగడం కొట్లో రోజూ వింటాను,
ఆ చప్పుడు వేరు.

లీగు ఆ ఏడే మూతపడింది.
ఆఖరి రెండు మ్యాచుల డబ్బు ఇంకా రావాలి.

మొత్తం లెక్క నేనే వేశాను, బిల్లు పుస్తకం వెనక.
వెయ్యీ నూట ఆరు గజాలు.
అంటే ఇంచుమించు మా కొట్టు నుంచి రాయపురం బ్రిడ్జి దాకా.
షేరాటోవాడు పది రూపాయలు తీసుకుంటాడు.
వాడికి మూడేళ్ళు పట్టింది,
ఒక మోకాలు, రెండు పక్కటెముకలు,
ఎడమ చెవిలో ఆగని హోరు.
కాగితం చూపిస్తే చాలాసేపు చూసి
"ఆరు గజాలు ఎక్కువేశావురా" అన్నాడు.
"ఆ పరుగు కొట్టేశారు కదా,
నువ్వెవడిదో చొక్కా పట్టుకున్నావని."

ఇప్పుడు టీ నగర్లో ఓ చీరల కొట్టు లిఫ్టులో
స్టూలు మీద కూచుంటాడు.
పైకీ కిందకీ రోజుకి రెండొందల సార్లు,
ముందుకి ఒక్క గజం లేదు.
తలుపు తెరుచుకున్నప్పుడల్లా మాత్రం
కుడి భుజం కాస్త దిగుతుంది. నేను చూశాను.

ఆదివారాలు కలుస్తాం.
బ్రాడ్వేలో రోడ్డు దాటాలంటే నేనే ముందు,
ఒళ్ళు అడ్డం పెట్టి,
బస్సుకో చెయ్యి, ఆటోకో తిట్టు.
వెనకనుంచి నా నడుము మీద వాడి అరచెయ్యి,
అప్పట్లోలాగే, ఎటు తిరగాలో చెబుతూ.
ఒక్కోసారి ఎడమకి నొక్కుతాడు.
అటు సందేమీ ఉండదు.
అయినా తిరుగుతాను.